మా సార్ తల వాలిన సినిమా

ఈమధ్య వరసగా ఐదు సినిమాలు చూశాను. టికెట్ కొనుక్కుని సినిమాకి వెళ్లడం నాకింకా కొత్తగానే ఉంది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ సినిమా చూసినందుకు నాకే జీతం ఇచ్చేవారు.

మొదటిది యాక్షన్ సినిమా. హీరో మొదటిసారి వచ్చినప్పుడు దుమ్ము లేచింది. రెండోసారి నిప్పు లేచింది. మూడోసారి దుమ్మూ నిప్పూ కలిసి లేచాయి. ఇంటర్వెల్ దాకా ఆయన వస్తూనే ఉన్నాడు. వచ్చాక ఏం చేస్తాడో చూద్దామని కూర్చుంటే, ఇంటర్వెల్ తర్వాత వెళ్లిపోవడం మొదలుపెట్టాడు. అయినా ఒకచోట నాకు ప్రాణం లేచివచ్చింది. కొట్లాటంతా అయ్యాక చెప్పు తెగి, ఎండలో కాళ్లు కాలి, అంతటి వీరుడూ గబగబా నీడలోకి పరిగెత్తాడు. అంతమందిని కొట్టినవాడికి కూడా రోడ్డు కాలుతుందని ఏ అసిస్టెంట్ డైరెక్టర్‌కి తట్టిందో, ఆ పిల్లవాడు బాగుపడాలి.

రెండోది దెయ్యం సినిమా. ఇంట్లో టీవీలో చూశాం. దెయ్యం వచ్చినప్పుడల్లా మా ఆయన మంచినీళ్లకని వంటింట్లోకి వెళ్లారు. ఆ దెయ్యం నిజానికి చాలా పద్ధతైన మనిషి. తలుపు కొట్టి మరీ లోపలికి వస్తుంది. ఆ ఇంట్లోవాళ్లు ఒకరి గదిలోకి ఒకరు ఎప్పుడూ అలా వెళ్లలేదు. చివర్లో దాన్ని సీసాలో బంధిస్తే నాకు వాళ్ల మీద కోపం వచ్చింది.

మూడోది కోర్టు సినిమా. మాటలు బాగా రాశారు. కానీ లాయరు వాదిస్తుంటే కోర్టంతా ఊపిరి బిగబట్టి వింటుంది. మా అన్నయ్య స్థలం కేసుకి నేను కోర్టు చుట్టూ తిరిగినదాన్ని. అక్కడ ఎవరి వాయిదా గొడవలో వాళ్లుంటారు, ఎవరి మాటా ఎవరికీ వినపడదు. ఆ గోలలో గెలిస్తే కదా గెలుపు! నాలుగోది ప్రేమకథ. అబ్బాయీ అమ్మాయీ విడిపోతే నాకేమీ అనిపించలేదు గానీ, ఆ అబ్బాయి తల్లి తెలంగాణ యాసలో వాణ్ని తిట్టే తిట్లు ఇంకా చెవుల్లో ఉన్నాయి. రాగం తీసినట్టు తిట్టింది.

ఐదో సినిమా సంగతి చివర్లో చెప్తాను. అది చెప్పాలంటే ముందు మా సార్ తల గురించి చెప్పాలి.

మీరంతా హాల్లోంచి బయటికి వస్తూనే ఫోన్ తీసి సినిమాకి చుక్కలు ఇచ్చే తరం. మా మేనకోడలూ అంతే. పాప్‌కార్న్ చెయ్యి తుడుచుకోకుండానే తీర్పు చెప్పేస్తుంది. "అత్తా, అన్నేళ్లు అదే పని చేశావు కదా, రాయొచ్చుగా" అని అదే నా వెంట పడింది. అందుకే రాస్తున్నాను. మెచ్చుకోవడమో తిట్టడమో తేల్చుకోలేని ఒక సినిమా ఎదురైనప్పుడు ఏం జరిగిందో మీకు చెప్పాలనిపించింది.

ఫిల్మ్ నగర్‌లో ఒక నిర్మాణ సంస్థ ఆఫీసులో నేను టైపిస్టుగా చేరాను. స్క్రిప్టులు టైపు చెయ్యడం పని. ఒకరోజు ఏదో పరభాషా సినిమా రీమేక్ కోసం వేసి చూస్తూ, మా సార్ వెనక్కి తిరిగి, "ఏమ్మా, ఇది ఆడవాళ్లకి నచ్చుద్దా?" అని అడిగారు. సార్ అంటే మా నిర్మాత. గుంటూరు వైపు మనిషి. నేను లోకం తెలియక, "నచ్చదండీ, ఆ పిల్ల వాణ్ని ఎందుకు క్షమించిందో తెలీలేదు" అన్నాను. పక్కనున్నవాళ్లు నన్ను గుడ్లురిమి చూశారు. సార్ మాత్రం తల ఊపారు. ఆ రోజు నుంచి టైపు మిషన్ వేరే అమ్మాయికి వెళ్లింది. తెలుగునాట ఉన్న ఆడవాళ్లందరి తరఫునా సినిమాలు చూసే పని నాకు వచ్చింది. వాళ్లెవరూ నన్ను ఎన్నుకోలేదు. అయినా అన్నేళ్లు ఆ పదవిలో కూర్చున్నాను.

ఆఫీసు కింద సెల్లార్‌లో చిన్న ప్రివ్యూ థియేటర్ ఉండేది. రోజూ మధ్యాహ్నం భోజనం కాగానే ఆ చల్లటి చీకట్లోకి దిగేవాళ్లం. మలయాళం, కొరియన్, మరాఠీ, మా సొంత సినిమాల ఇంకా పూర్తికాని పచ్చి కాపీలు, ఏది ఉంటే అది. చూసి పైకి వస్తే రోడ్డు మీద తెల్లటి ఎండ. జూబ్లీ హిల్స్ బండరాళ్ల మీద బోగన్‌విలియా పూలు, ఆటోలు, జనరేటర్ వ్యాను కింద పడుకున్న కుక్క, అన్నీ ఎవరో అప్పుడే సెట్ వేసి వెళ్లినట్టు కనిపించేవి. ఒక సినిమాలో చచ్చిపోయినవాడు ఆ సాయంత్రమే మా ఆఫీసు ముందు టీ తాగుతూ కనిపించేవాడు. కొన్నాళ్లకి నాకు ఏది నా జ్ఞాపకమో, ఏది చూసిన సినిమానో తెలియకుండా కలిసిపోయింది. మా పెళ్లిరోజు చిన్న వాన పడిందని, పందిట్లో అందరూ ఒక్క గొడుగు కిందకి చేరారని నాకు బాగా గుర్తు. మా ఆయన వాన పడలేదంటారు. మా పెళ్లి నడివేసవిలో జరిగింది కాబట్టి ఆయన మాటే నిజమై ఉంటుంది. నాకు మాత్రం వానే ఇష్టం.

ఇక మా సార్ తల. సార్ ఎప్పుడూ తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు వేసుకునేవారు. మడత నలగని బట్టలు. నున్నటి బట్టతల. ప్రివ్యూ థియేటర్‌లో నడవ పక్కన ముందు కుర్చీ ఆయనది. మేమంతా ఆయన వెనకే కూర్చునేవాళ్లం. తెర మీది వెలుగు ఆ తల మీద పడి మెరుస్తుండేది. సినిమా బాగుంటే ఆ తల నిటారుగా ఉండేది. బాగా లేకపోతే కునుకు పట్టి మెల్లగా కుడిపక్కకి వాలిపోయేది. ఆయన ఎప్పుడూ బాగాలేదని నోటితో చెప్పింది లేదు. తల వాలిందంటే చాలు, మాకు అర్థమైపోయేది.

ఇది ఎవరో పెట్టిన పద్ధతి కాదు. ఎవరూ కాదన్నదీ లేదు. మా ఎడిటర్ సరిగ్గా సార్ వెనక సీట్లో కూర్చుని, తల ఎక్కడ వాలిందో గుర్తు పెట్టుకుని, మర్నాడు సినిమాని అక్కడే కత్తిరించేవాడు. లొకేషన్ నుంచి డైరెక్టర్లు ఫోన్ చేసి, కథ గురించి గానీ పాటల గురించి గానీ అడిగేవారు కాదు. "వాలిందా?" అని అడిగేవారు. వాలలేదంటే అక్కడ చప్పట్లు వినపడేవి. ఆ రోజుల్లో మా సినిమాలు బాగానే ఆడాయి కాబట్టి ఒక పెద్దాయన మెడ మీద ఆధారపడి సంస్థ నడుస్తోందని ఎవరికీ అనుమానం రాలేదు. నాకూ రాలేదు. పైగా నా అభిప్రాయం చెప్పే ముందు నేను కూడా ఒకసారి అటు చూసేదాన్ని.

నేను రిటైరవడానికి కొన్నేళ్ల ముందు సార్ భార్య పోయారు. మేం ఆవిణ్ని అమ్మగారు అనేవాళ్లం. కొత్త సినిమా ముహూర్తానికి వచ్చి కొబ్బరికాయ కొట్టి, అందరికీ తనే ప్రసాదం పెట్టి, షాట్ మొదలవకముందే వెళ్లిపోయే మనిషి. ఆవిడ పోయిన నెలకి సార్ మళ్లీ ఆఫీసుకి వచ్చారు. అదే తెల్ల చొక్కా. ఏదో తేడాగా అనిపించింది గానీ ఏమిటో పోల్చుకోలేకపోయాను.

అప్పటి నుంచి మూడు సినిమాలు తయారయ్యాయి. మూడింటికీ సార్ తల వాలలేదు. అంగుళం కూడా కదల్లేదు. మేనేజరు ఆనందం పట్టలేక స్వీట్లు తెప్పించాడు. ఆ మూడూ వరసగా బోర్లా పడ్డాయి. ఒకటి వానల వల్ల పోయిందన్నారు. ఒకటి క్రికెట్ వల్ల, ఇంకొకటి టైటిల్లో అక్షరాలు అచ్చిరాకపోవడం వల్ల అన్నారు. సార్ మెడని మాత్రం ఎవరూ ఒక్క మాట అనలేదు.

అసలు సంగతి నాకు డ్రైవర్ చెప్పాడు. సార్ దగ్గర ఏళ్లుగా ఉన్న మనిషి. ఒకరోజు బయట టీ తాగుతుంటే వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"సార్ పండుకుంట లేడు మేడం" అన్నాడు. "పొద్దుగాలనే బండి తియ్యమంటడు. జూబ్లీ హిల్స్, బంజారా హిల్స్ అంత తిప్పుత. కండ్లు మూస్కొని కూసుంటడు గని నిద్ర పట్టది. డాక్టర్ గోలీలు రాసిచ్చిండు. గవి గూడ పనిజేస్తలేవు. అమ్మగారు పోయినకాడి నుంచి గిట్లనే ఉన్నడు. నాకైతే జర భయమైతాంది."

అప్పుడర్థమైంది. మూడు సినిమాలకీ తల వాలకపోవడానికి కారణం, ఆ తలకి నిద్రే లేకపోవడం. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వెళ్లి ఎవరితో చెప్తాను? మీ సినిమాలు బాగున్నాయని కాదు, ఆయనకి నిద్ర పట్టకే అలా చూస్తున్నారని ఏ ముఖంతో చెప్పను?

ఆ సమయంలోనే ఆ అమ్మాయి సినిమా వచ్చింది.

ఆ అమ్మాయిది బోరబండ. అదే మొదటి సినిమా. అమ్మగారు హాస్పిటల్లో ఉన్న రోజుల్లో సార్‌కి కథ చెప్పింది. సార్ సగమే విని, "చేసుకో అమ్మా" అనేసి హాస్పిటల్‌కి వెళ్లిపోయారు. పెద్ద సినిమాల మధ్య దాన్ని పట్టించుకునే తీరిక ఎవరికీ లేక, అది నిశ్శబ్దంగా తయారైపోయింది. ఆఫీసు వ్యవహారాలు అప్పటికి సార్ అల్లుడుగారు చూస్తున్నారు. చదువుకున్నవాడు, చురుకైనవాడు. మూడు దెబ్బలు తిని ఉన్నాడు కాబట్టి భయంతో ఉన్నాడు.

వాన పడుతున్న ఒక మధ్యాహ్నం ప్రివ్యూ వేశారు. ఆ అమ్మాయి గోడకి ఆనుకున్న చివరి వరసలో, ఒళ్లో బ్యాగు పట్టుకుని కూర్చుంది. సినిమా మొదలైంది. బోరబండ స్టేషన్ దగ్గర ఇస్త్రీ బండి. దాని దగ్గర ఒక నడివయసు ఆడమనిషి. వానాకాలం. బట్టలు ఆరవు. పక్క వీధిలో ఉండే ఒకాయన చొక్కాలు ఇచ్చి, తీసుకోవడానికి మళ్లీ రాడు. ఆమె ఆ చొక్కాల్ని వారం వారం విప్పి, మళ్లీ ఇస్త్రీ చేసి, మళ్లీ మడతపెట్టి ఉంచుతుంది. ఆఖరికి వాటిని సంచిలో పెట్టుకుని ఆయన్ని వెతుక్కుంటూ బయల్దేరుతుంది. అంతే కథ. పెద్దగా మాటలు లేవు. ఇస్త్రీ చేసేటప్పుడు సంగీతం కూడా లేదు. చేత్తో నీళ్లు చిలకరించిన చప్పుడు, బొగ్గుల పెట్టె ఆనగానే చుయ్యిమన్న చప్పుడు, రేకుల మీద వాన, అప్పుడప్పుడూ లోకల్ రైలు. బయట కూడా వాన పడుతోంది కదా, ఏ వాన ఎక్కడిదో తెలియకుండా పోయింది. నాకు మా పెళ్లి పందిరి గుర్తొచ్చింది.

రెండో చొక్కా మడత దగ్గర సార్ తల వాలిపోయింది.

మా వరసలో ఫోన్లు ఒక్కొక్కటే వెలిగాయి. మేనేజరు నిట్టూర్చాడు. ఎడిటర్ ముందుకు వంగి గుర్తు పెట్టుకున్నాడు. ఇంతకుముందు తల వాలితే ఒక నిమిషం, రెండు నిమిషాలు వాలి మళ్లీ లేచేది. ఈసారి లేవలేదు. సినిమా అయిపోయేదాకా లేవలేదు. సార్ నిద్రలో ఉంటే దీపాలు వెయ్యకూడదని ఆపరేటర్‌కి తెలుసు. ఆయన్ని అలాగే చీకట్లో వదిలేసి, అందరూ చెప్పులు చప్పుడు కాకుండా పైకి వెళ్లారు.

పైన మీటింగ్ రూములో అల్లుడుగారు కూర్చోకుండానే మొదలుపెట్టారు.

"క్లియర్ కదా! మామయ్యగారు ఫస్ట్ హాఫ్ కూడా తట్టుకోలేకపోయారు. ఐరనింగ్ సీన్లన్నీ లేపేద్దాం. ఆ ప్లేస్‌లో ఒక సాంగ్, ఒక కామెడీ ట్రాక్. లేకపోతే రిలీజ్ గురించి మాట్లాడుకోవడం వేస్ట్."

ఎడిటర్ తలూపాడు. "ఇస్త్రీ మొత్తం తీసేస్తే స్పీడొస్తుందండీ" అన్నాడు.

ఆ అమ్మాయి ఇంకా నిలబడే ఉంది. "నా సినిమాల ఉన్నదే గది సార్" అంది. "గా ఇస్త్రీ తీసేస్తే ఇంకేముంటది? అట్ల చేసేదుంటే నా పేరు గూడ తీసెయ్యుండ్రి."

"ఎమోషనల్ అవ్వకమ్మా, ఇది బిజినెస్" అన్నారు అల్లుడుగారు. తర్వాత నా వైపు తిరిగి, "మీరు చెప్పండి మేడం. లేడీస్‌కి ఎక్కుతుందా?" అని అడిగారు.

అంతమంది నా వైపు చూస్తుంటే నాకు లేడీస్ గుర్తుకు రాలేదు. డ్రైవర్ మాట గుర్తొచ్చింది.

"సార్ నిద్రపోయారండీ" అన్నాను.

"అదే కదా మేమూ చెప్తున్నది!"

"అది కాదండీ. అమ్మగారు పోయాక సార్‌కి నిద్ర లేదు. మందులేసుకున్నా పట్టడంలేదు. కావాలంటే డ్రైవర్‌ని అడగండి. మనం వేసిన మూడు సినిమాలకీ తల వాలనిది అందుకే. ఇవాళ, ఇన్నాళ్లకి, ఆయన పడుకున్నారు."

ఎడిటర్ తన చేతులవైపు చూసుకున్నాడు. అల్లుడుగారి ముఖంలో కోపమూ, బాధా ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఆ ఇంట్లోనే ఉంటూ తనకి తెలియలేదని కాబోలు. అయినా తేరుకుని, "మామయ్యగారికి నిద్ర పట్టడం మంచిదే. కానీ ఆడియన్స్ కూడా పడుకుంటే ఎలా?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే అది.

అప్పుడు మెట్లెక్కి సార్ వచ్చారు. చెంప మీద కుర్చీ అంచు గుర్తు పడి ఉంది. చంటిపిల్లాడు లేచి వచ్చినట్టు అందర్నీ ఒకసారి చూసి, "కాఫీ ఇప్పించండయ్యా" అన్నారు. ఆ తర్వాత, "నేను పడుకున్నానా?" అని అడిగారు. మళ్లీ ఆయనే, "కల కూడా వచ్చింది" అన్నారు. ఏం కల అని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. అల్లుడుగారు కత్తిరింపుల సంగతి చెప్పారు. సార్ కాఫీ తాగుతూ విని, "రేపు మళ్లీ వెయ్యండి. చూడకుండా ఎట్టా చెప్తాం?" అన్నారు. నా వైపు తిరిగి, "నువ్వు నా పక్కన కూచో అమ్మా. తల వాలితే లేపు" అన్నారు.

మర్నాడు అలాగే కూర్చున్నాను. ఆ ముందు వరసలో కూర్చోవడం నాకదే మొదటిసారి. అక్కడి నుంచి తెర చాలా పెద్దది. ఇస్త్రీ బండి, బొగ్గుల ఎర్రదనం, ఆమె చేతి గాజులు, అన్నీ మీదికి వస్తున్నట్టు ఉన్నాయి. సార్ కళ్లు పెద్దవి చేసుకుని చూస్తున్నారు. నీళ్లు చిలకరించిన చప్పుడైంది. చుయ్యిమంది. మొదటి చొక్కా మడత పడింది. ఆమె రెండో చొక్కా విప్పింది. ఆయన తల మెల్లగా నా భుజం వైపు వాలింది.

చెయ్యెత్తాను లేపుదామని. వెనకెక్కడో కుర్చీ కిర్రుమంది. ఆ అమ్మాయి చివరి వరస నుంచి లేచి నిలబడి ఉంది. ఆమెకి కావలసింది నాకు తెలుసు. ఆయన మేలుకుని చూడాలి. చూస్తేనే ఆ సీన్లు ఉంటాయి. లేపితే సినిమా బతకొచ్చు. కానీ పక్కన ఆయన ఊపిరి తీస్తున్న చప్పుడు వినిపిస్తోంది. అంత దగ్గర నుంచి ఆ ముఖాన్ని నేనెప్పుడూ చూడలేదు. బుగ్గలు వదులై, నోరు కొంచెం తెరుచుకుని ఉంది. నా చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. తర్వాత మెల్లగా ఒళ్లో పెట్టుకున్నాను. వెనక ఆ అమ్మాయి కూర్చున్న చప్పుడైంది. నేను తిరిగి చూడలేదు, చూడలేకపోయాను.

సినిమా అయిపోయాక ఆ నిశ్శబ్దానికి సార్ లేచారు.

"లేపమంటే లేపలేదేం?" అన్నారు.

"చేతకాలేదండీ."

ఖాళీ తెర వైపు తిరిగారు. "సరే, నువ్వు చూశావుగా. ఏడ్చావా?"

"లేదండీ."

"నవ్వావా?"

"ఒకటి రెండు చోట్ల."

"మరి ఏం జరిగింది నీకు?"

ఇది చెప్పొచ్చో లేదో తెలియలేదు. "నిన్న ఇంటికెళ్లి మా ఆయన చొక్కా ఇస్త్రీ చేశానండీ" అన్నాను. "ఎప్పుడూ బయటికే ఇస్తాం. నిన్న ఎందుకో నేనే చేశాను. ఆయన ఏమైందని అడిగారు."

సార్ నవ్వలేదు. తన చొక్కా చేతిని వేళ్లతో సవరించుకున్నారు. అప్పుడు చూశాను. నెలల తరబడి నాకు తేడాగా అనిపించిందేమిటో తెలిసింది. మడతలున్నాయి గానీ మెడపట్టీ దగ్గర చిన్న ముడత ఉంది. అమ్మగారున్న రోజుల్లో ఆ ముడత ఎప్పుడూ లేదు.

"ఇంట్లో ఇంతమంది పనివాళ్లున్నా నా చొక్కా ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదమ్మా" అన్నారు. "తెల్లారి తనే ఇస్త్రీ చేసేది, మా మంచం పక్కనే. నీళ్లు చిలకరించేది, చుయ్యిమనేది. ఆ చప్పుడికి నాకు మెలకువొచ్చేది. లేచేవాణ్ని కాదు. అటు తిరిగి పడుకుని వింటూ ఉంటే మళ్లీ పట్టేసేది. నాకు రోజంతటికీ అదే అసలు నిద్ర. ఆ సంగతి తనకి చెప్పాలని కూడా ఎప్పుడూ తట్టలేదు."

వెనక వరసలో అల్లుడుగారూ వింటున్నారు. సార్ లేచి చివరి వరస దాకా నడిచారు. ఆ అమ్మాయి ముందు నిలబడ్డారు.

"అమ్మా, నీ సినిమా నేను చూడలేదు" అన్నారు. "రెండుసార్లు ప్రయత్నించినా చూడలేకపోయాను. అది బాగుందో లేదో నాకు తెలీదు. కానీ అందులో ఒక్క ముక్క ఎవరూ ముట్టుకోరు. నేను చెప్తున్నాను."

"మామయ్యగారూ, థియేటర్లో జనం నిద్రపోతారండీ" అన్నారు అల్లుడుగారు. గొంతులో పోట్లాట లేదు, దిగులే ఉంది.

"నిద్రపోనీ అబ్బాయ్. ఎంతమందికి నిద్ర కరువై ఉందో నీకేం తెలుసు?" అన్నారు సార్. అల్లుడి భుజం తట్టి పైకి వెళ్లిపోయారు.

మెట్ల దగ్గర ఆ అమ్మాయి నన్ను ఆపింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, పెదవులు నవ్వుతున్నాయి. "మీరు లేపకపోతే నా పని ఖతం అనుకున్న మేడం. మిమ్మల్ని మస్తు తిట్టుకున్న" అంది. తర్వాత, "సినిమా చూడకుంట గిట్ల ఎవరన్న ఓకే చేస్తరా?" అని అడిగింది. మా సార్ చేస్తారని చెప్పాను. ఇద్దరం వానలో నిలబడి చాలాసేపు నవ్వుకున్నాం. ఆ వాన నిజంగా పడింది. అందులో నాకేమీ అనుమానం లేదు.

ఆ సినిమా హిట్టయిందని చెప్తే మీకు బాగుండేది. కాలేదు. కొద్ది హాళ్లలో వేసి, తొందరగానే తీసేశారు. నిద్రమాత్రకి బదులు టికెట్ కొనుక్కోమని ఒకాయన వెక్కిరిస్తూ రాశాడు. ఆ అమ్మాయి చిన్నబుచ్చుకుంటే సార్ ఆ ముక్క చదివించుకుని, "సరిగ్గానే రాశాడు" అని మురిసిపోయారు. తర్వాత ఎప్పుడో ఆ సినిమా ఫోన్లలోకి వచ్చింది. అక్కడ మెల్లమెల్లగా జనం దాన్ని పట్టుకున్నారు. తమ అమ్మ గుర్తొచ్చిందని కొందరు రాశారు. కొందరు ఎక్కడో చూస్తూ ఆగిపోయామని, పూర్తిచెయ్యలేదని, మళ్లీ చూస్తామని రాశారు.

ఎడిటర్ మాత్రం ఆ తర్వాత సార్ వెనక కూర్చోవడం మానేశాడు. పక్క గోడ దగ్గరికి మారాడు. అక్కడి నుంచి తెర బాగా కనపడుతోందని ఆశ్చర్యపోతూ నాతో చెప్పాడు. సార్ ఉన్నన్నాళ్లూ మధ్యాహ్నాలు, ప్రివ్యూలు లేని రోజుల్లో, ఆ ఇస్త్రీ సినిమా వేయించుకునేవారు. ఆపరేటర్ సినిమా పెట్టి, తలుపు దగ్గరగా వేసి వచ్చేసేవాడు. దాని చివర ఏమవుతుందో, ఆ చొక్కాలు ఎవరికి చేరాయో సార్‌కి ఎప్పటికీ తెలియలేదు. ఒకసారి నేను చెప్పబోతే, "వద్దులే అమ్మా" అన్నారు.

సార్ ఇప్పుడు లేరు. ఆ సెల్లార్‌లో ఇప్పుడు జిమ్ ఉంది. మొన్న అటు వెళ్తే అద్దాల వెనక కుర్రాళ్లు బరువులెత్తుతున్నారు. నడవ పక్కన ముందు కుర్చీ ఉన్నచోట సైకిల్ తొక్కుతూ ఒకతను ఎక్కడికీ వెళ్లకుండా చెమటలు కక్కుతున్నాడు. చూస్తూ నిలబడితే, చేరతారా మేడం అని లోపల్నుంచి ఒకమ్మాయి వచ్చి అడిగింది.

ఇక ఐదో సినిమా. అది ఆ బోరబండ అమ్మాయి తీసిన కొత్త సినిమా. ఇప్పుడామె పెద్ద డైరెక్టర్. పెద్ద హీరో, కార్లు ఎగరడాలు, ఎడారిలో పాట, అన్నీ ఉన్నాయి. జూబ్లీ హిల్స్ మల్టీప్లెక్స్‌లో మా ఆయనా నేనూ మధ్యాహ్నం ఆటకి వెళ్లాం. నా అభిప్రాయం అడిగితే, మొదటి సగం గోల ఎక్కువ. విలన్ ఎందుకు విలనయ్యాడో చెప్పడానికి అతని చిన్నతనం దాకా వెళ్లక్కర్లేదు. హీరోయిన్‌కి ఇంకాస్త పని ఉండాల్సింది. అయినా కొట్లాటల్లో మనుషులు అలిసిపోతారు, ఆయాసపడతారు. అది నాకు నచ్చింది.

ఇంటర్వెల్ అయిన కాసేపటికి, రెండు కొట్లాటల మధ్య, హీరో ఇంటికి వచ్చి మంచం మీద అటు తిరిగి పడుకుంటాడు. సంగీతం ఆగిపోతుంది. పక్కన తల్లి అతని తెల్ల చొక్కా పరిచి, చేత్తో నీళ్లు చిలకరిస్తుంది. చుయ్యిమంటుంది. ఒక చొక్కా. మడత. తర్వాత ఇంకో చొక్కా. అంతే. ఎవరూ ఏమీ మాట్లాడరు.

హాల్లో కుర్రాళ్లు అదే సందని ఫోన్లు తీశారు. వెలుగులు అక్కడక్కడా మెరిశాయి. మా ముందు వరసలో భార్యాభర్తలు కూర్చున్నారు. ఇద్దరిదీ మా వయసే. మా సార్‌లాగే ఆయనదీ బట్టతలే. తెర మీది వెలుగు దాని మీద పడి మెరుస్తోంది. రెండో చొక్కా మడత దగ్గర, నేను చూస్తుండగానే, ఆ తల మెల్లగా కుడిపక్కకి వాలింది.

పక్కనున్న ఆవిడ చూసి, చిరాగ్గా మోచేత్తో పొడవబోయింది.

నేను ముందుకు వంగి ఆవిడ భుజం మీద చెయ్యి వేశాను.

"లేపకండమ్మా" అన్నాను.